ఎడమ పక్క చైను

పొద్దున్నే చాయ్ గ్లాసు పెట్టడానికి జాగా కనబడక చంద్రికకు చిర్రెత్తుకొచ్చింది. డ్రాయింగ్ మాస్టరుగా రిటైరైన మదన్ మోహన్ ఐదు నెలలుగా అన్నం తినే బల్లనంతా ఆక్రమించుకుని, వందేళ్ల కిందటి యుద్ధపు ట్యాంకు బొమ్మ కడుతున్నాడు. దాని చుట్టూ తిరిగే చైనుకు ఒక్కో పక్క తొంభై ప్లాస్టిక్ పలకలు, ఒక్కొక్కటీ వేలిగోరంత! మొగుడూ పెళ్లాలు మాత్రం నేల మీద తింటున్నారు. రేపే హైదరాబాదులో బొమ్మల పోటీ.

నిన్న ఆయన రామాయంపేటలో పెళ్లికి వెళ్లినప్పుడు, బల్ల తుడుస్తుంటే ఆమె మోచేయి తగిలి ఎడమ చైను ఊడి నాలుగు ముక్కలైంది. పాపం, గుండె చిక్కబట్టుకుని అతికించేసి, ఏమీ ఎరగనట్టు పప్పు తాలింపు వేసింది.

ఇప్పుడాయన కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మ దగ్గరికి వంగాడు.

"దీన్నెవరు ముట్టిండ్రు? ఎడమ చైను ఉల్టా ఉన్నది!"

అబద్ధమాడదామనుకుంది గానీ చంద్రికకు నోరు రాలేదు. "మోచెయ్యి తాకి ఊడింది. నేనే అతికిచ్చిన."

"సత్తెనాశ్ చేసినవ్! ఐదు నెలల కష్టం! నీకేమెరుక దీని సంగతి?"

ఆ మాటతో ఆమె భయం కాస్తా ఎగిరిపోయింది.

"నాకెరుక లేదా? కౌడిపల్లిల మా తమ్ముని మడిల చైను మిషిన్ వరి కోస్తుంటే ఎన్నేండ్ల సంది చూస్తున్న! బురదల మొదలు దిగే అంచు ఎటుంటదో నాకు తెల్వదా? ఉల్టా ఉన్నది మీరు పెట్టిన కుడి పక్కది. బొమ్మ డబ్బాల వచ్చిన కాయితం తీయుండ్రి!"

ఆయన తీశాడు. చూశాడు. అద్దాలు తుడిచి మళ్లీ చూశాడు. కాగితం మీది బాణం గుర్తు చంద్రిక మాటే చెబుతోంది.

ఆమెకు నవ్వు రావాలి. ఏడుపొచ్చింది.

"నా కొట్లాట బల్ల కోసమనుకుంటుండ్రా? ఐదు నెలల్ల ఒక్కనాడన్న 'జర వచ్చి కూసో' అన్నరా? పిలిస్తే మొదటి దినమే చెప్తుంటి గదా!"

ముప్ఫై రెండేళ్ల కాపురంలో ఎన్నడూ అనని మాట కోసం మదన్ మోహన్ గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాదే."

"ఏందీ? ఇనవడలే."

"తప్పు నాదే అంటున్న! పొద్దుమీకేలోపు కుడి చైను ఊడదీసి మళ్ల అతికియ్యాలె. నా ఒక్కనితోని గాదు. వచ్చి కూసో."

కుర్చీ లాగి వేశాడు. ఆమె కూర్చున్నాక పోటీ ఫారం తీసి, తన పేరు కింద చంద్రిక అని రాశాడు.

చంద్రిక కొంగుతో కళ్లు తుడుచుకుని అది చదువుకుంది.

"పైన రాయుండ్రి," అంది.

ఆయన కొట్టేసి, పైన రాశాడు.