చిన్న చేతికి తగిన పానా

“ఇది పానా ఏటి మేస్త్రీ, రోకలిబండా?”

కొలిమి పక్కన దాగలి మీద ఠంగుమని పడ్డ పానాని చూసి కమ్మరి ఆదం సుత్తి ఆపేడు. ఎదురుగా నల్ల బురఖా. అంచుల్లోంచి వాననీళ్ళు కారుతున్నాయి. ముసుగు వెనక ముఖం కనబడకపోయినా, కోపం మాత్రం బాగానే కనబడుతోంది.

“మీరు…?”

“దిల్షాద్ బేగాన్ని. సైదా సాహెబ్ కూతుర్ని. మా అబ్బా కారు కోసం మొన్న మీరు సేసిచ్చిందే ఇది. పట్టుకుంటే వేళ్ళు కలవటం లేదు. నట్టు మీంచి జారి సెయ్యి దోక్కుపోనాది.”

“సైదా మావ చెయ్యి నాకు తెలుసండి. చాటంత ఉంటాది. ఆ కొలతకే చేసేను. ఆయన చేతికి లావెలా అవుతాది?”

బురఖాలోంచి బయటికొచ్చిన చేతి కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. ఆదం చూపు అక్కడ ఆగడం గమనించి ఆమె చెయ్యి చటుక్కున లోపలికి లాక్కుంది.

ఆదంకి విషయం అర్థమైంది.

అవి యుద్ధం రోజులు. అనకాపల్లికి కారు సామాను రావడం ఎప్పుడో మానేసింది. సైదా సాహెబ్‌కి ఒక పాత కారుండేది. బెల్లం షావుకార్లని మాడుగుల దాకా బాడుగకి తిప్పేవాడు. పోయిన చలికాలంలో పక్షవాతమొచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. నడపడానికి దేముడనే డ్రైవరుని పెట్టుకున్నాడు గాని, రిపేరు పని దేముడికి రాదు. సాహెబే ఎడం చేత్తో తంటాలు పడుతున్నాడని ఊరంతా అనుకుంటోంది. అసలు సంగతి, షెడ్డు తలుపు మూసుకుని తండ్రి కుర్చీలోంచి చెబుతుంటే కూతురు కారు కింద దూరుతోంది.

“బజార్లో సెప్పేత్తారా?” ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

“ఏటని చెప్పమంటారు? పానా చెయ్యమంటే రోకలిబండ చేసేనని నేనే చాటుకుంటానా?”

ముసుగు వెనక కిసుక్కుమన్న నవ్వు వినిపించింది.

ఆ కొలిమి దగ్గర ఎవరైనా నవ్వి రెండేళ్ళయింది. ఆదం భార్య గుల్జార్‌బీ జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. ఆ తరవాత అతను ఇనుముతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు.

“కొలత కావాలండి,” అన్నాడు తలొంచుకుని. పరాయి ఆడపిల్ల చెయ్యి పట్టుకుని కొలవడం ఎలా?

దిల్షాద్ అటూ ఇటూ చూసింది. తిత్తి గొట్టానికి మెత్తడానికి కలిపిన బంకమట్టి తీసుకుని గట్టిగా పిడికిలి బిగించింది. నాలుగు వేళ్ళ పల్లాలతో ఉన్న ఆ ముద్దని దాగలి మీద పెట్టింది.

“సాలా?”

“సాల్తాదండి.”

ఆ వారంలో ఆదం సన్నటి పిడితో కొత్త పానా చేసేడు. తరవాత ఇంజను మూలకి అందేలా మెడ వంచిన పానా ఒకటి. బలం చాలనప్పుడు బారు పిడి తగిలించుకునే ప్లగ్గు పానా ఒకటి. పాత లారీ కమాను పట్టీలు కొలిమిలో కాల్చి, ఆకురాయితో రుద్ది చేసినవే అన్నీ. చాటంత చెయ్యి బలంతో లాగే పనిని ఈ చిన్న చెయ్యి ఒడుపుగా లాగేసేది.

“ఈసారి ఏటి వంక పెడతారు?” అనేవాడు ఇస్తూ.

“వాడి సూసి పెడతాను. తొందరేటి?” అనేది పుచ్చుకుంటూ.

ఆమె వంక పెట్టే రోజు కోసం అతను ఎదురు చూడడం మొదలెట్టేడు. అది తెలిసిన రోజున తప్పు చేసినవాడిలా గుల్జార్‌బీ సమాధి దగ్గరికెళ్ళి చాలాసేపు కూచున్నాడు.

భాద్రపదంలో కారు ఆగిపోయింది. వాల్వులు మాడిపోయాయి.

“ఎల్లుండి శుక్రవారం. పాతినుము త్రినాధరావు బండి తోలుకొత్తాడు,” అంది దిల్షాద్. “అప్పటికి కారు తిరిగితే ఉంటాం. లేదంటే ఇనుము కింద అమ్మేసి, బెజవాడ మా చిన్నాన్న ఇంటికెళిపోడమే. వాల్వు స్ప్రింగు నొక్కిపెట్టి ఎత్తే పనిముట్టు కావాలి. ఎక్కడా దొరకదంట.”

ఆ రాత్రంతా ఆదం కొలిమి దగ్గర్నించి కదల్లేదు. గురువారం మధ్యాహ్నానికి పటకారులాంటిదొకటి తయారైంది. పిడులు దగ్గరికి నొక్కితే మూతులు విడి స్ప్రింగుని పైకెత్తుతాయి. మరతో బిగించి వదిలేస్తే అలాగే నిలబడుతుంది. అంటే ఆమెకి రెండో చెయ్యి ఖాళీ.

షెడ్డులో సైదా సాహెబ్ కుర్చీలోంచి మాట మాటకీ దారి చెబుతున్నాడు. కళ్ళు తప్ప ముఖమంతా కప్పుకుని దిల్షాద్ పిడి నొక్కింది. స్ప్రింగు సులువుగా లేచింది.

“భలే మేస్త్రీ! దీనికి మాత్రం వంక లేదు!”

ఆదం నవ్వబోయి ఆగిపోయేడు. ఆమె మసి గీకిన చోట, రెండు వాల్వుల మధ్య, వెంట్రుకంత గీత. వేలుతో తడిమేడు. గీత కాదు, పగులు. ఇంజను దిమ్మ పోత ఇనుము. కొలిమిలో పెట్టి అతికించేది కాదు. ఆ పనిముట్టు దాని పని అది చేసింది. ఇంక చెయ్యడానికి ఏమీ లేదు.

గుల్జార్‌బీ మంచం దగ్గర చేతులు కడుక్కుంటూ డాక్టరు ఎందుకలా తలొంచుకున్నాడో అతనికి ఇప్పుడు తెలిసింది.

“బేగం గారూ,” అన్నాడు. తల మాత్రం దించలేదు. “ఇది తిరగదండి.”

ఆమె ఆ గీతకేసి చాలాసేపు చూసింది. ఏడవలేదు. పనిముట్లు ఒక్కొక్కటీ గుడ్డతో తుడవడం మొదలెట్టింది.

“ఇవి తీసుకెళిపొండి. బెజవాడలో నాకెందుకు?”

“ఎళ్ళకండి.”

“ఉండి ఏటి సెయ్యాలి?”

“మీరిద్దరూ మా ఇంటికి వచ్చేయండి.”

గుడ్డ ఆగింది. “జాలా?”

“కాదండి. మీరొచ్చి తిట్టని రోజు కొలిమి ముట్టించబుద్ధి కాదు.”

కుర్చీలోంచి దగ్గు వినిపించింది. “నాకు కాలూ సెయ్యే పడిపోనాయి, సెవులు కాదు. పిల్లనడగాల్సింది నన్ను కాదేటి?”

ఆదం చెవులు ఎర్రబడ్డాయి. “మిమ్మల్నే అడుగుతన్నాను మావా.”

సాహెబ్ వాననీళ్ళు కారుతున్న మూల గోడకేసి ముఖం తిప్పుకున్నాడు. ఎడం చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “నాకిష్టమే. దాన్నడుగు.”

దిల్షాద్ గుడ్డ పక్కన పెట్టింది. తరవాత నెమ్మదిగా అడిగింది.

“గుల్జార్‌బీ ఎలాగుండేది?”

ఆదం పానా ఒకటి తీసి మళ్ళీ కింద పెట్టేడు. “ఇప్పుడెందుకండి…”

“ఆవిడ పేరు ఎత్తకూడని ఇంటికి నేను రాను. రేపు నేను పోయినా ఇలాగే నోరు కట్టేసుకుంటారు. సెప్పండి.”

రేకుల మీద వాన పెద్దదైంది. ఆదం బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

“నవ్వితే… పొలమారేది,” అన్నాడు. “అందుకని అన్నం తినేటప్పుడు నన్ను మాట్లాడొద్దనేది. నేను మానేవాణ్ణి కాదు. ఒకసారైతే…”

అక్కడితో ఏడుపొచ్చేసింది. రెండేళ్ళ ఏడుపు. గ్రీజు చేతులతోనే ముఖం కప్పుకున్నాడు.

ఆమె తొందర పెట్టలేదు. ఎదురుగా నేల మీద చతికిలబడి, ముఖం మీది ముసుగు తీసేసింది.

“ఊఁ, తరవాత?” అంది.