ప్లైవుడ్ వెనక గది

"అమ్మగారూ, రేప్పొద్దున నన్ను స్టేషన్‌కి రమ్మన్నారండి. వెళితే ఇక వదలరండి!"

వడ్రంగి యలమంద చేతులు జోడించాడు. నూజివీడులో ఓ పాత భవనంలో సింధూర పెట్టిన చీరల కొట్టుకి ఇంటీరియర్ అంతా అతనే చేశాడు. అందులో పనిచేసే శిరీష నిన్న స్పృహతప్పి పడిపోయింది. ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. పాలిష్ వాసనే కొంప ముంచిందని భవనం యజమాని రాజీవ్ ఫిర్యాదిచ్చాడు.

"పాలిష్ ఎప్పుడు వేశావు?" అంది డిటెక్టివ్ ప్రమీలారాణి.

"ఇరవై రోజులైందండి."

కొట్లో అడుగుపెట్టగానే ఆవిడ సహాయకుడు సందీప్‌కి ఊపిరాడలేదు. ఇంతా చేస్తే పదడుగుల గది! చుట్టూ ప్లైవుడ్, పైన ఫాల్స్ సీలింగ్, ముందు అద్దాల తలుపు. డబ్బాలో పెట్టి మూతేసినట్టుంది.

"వెనక వెంటిలేటరుండేదండి, అవతలంతా ఖాళీ గది. పాత గోడ కనపడకుండా మూసెయ్యమన్నారు రాజీవ్ గారు," అన్నాడు యలమంద.

ఆ గోడ వారన బుట్టలో పసుపు రంగు మామిడికాయలున్నాయి.

"మూడ్రోజుల క్రితం ఆవకాయకని తెచ్చానండి. ఇక్కడే మర్చిపోయా, పండిపోయాయి," అంది సింధూర నొచ్చుకుంటూ.

ప్రమీలారాణి ఒకటి నొక్కి, వాసన చూసి పెట్టేసింది. సందీప్ కూడా చూశాడు. రాయిలా ఉంది, వాసనే లేదు. అతనికి ముక్కా అర్థం కాలేదు.

సాయంత్రం అందర్నీ అక్కడికే పిలిచింది. ఎస్సై కూడా వచ్చాడు. ఆవిడ ఏసీ ఆపి, తలుపుకి తాళం వేసింది.

"శిరీష కూర్చున్నట్టే ఓ పావుగంట కూర్చుందాం."

సందీప్ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రాజీవ్ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. ఏడో నిమిషంలో లేచి తలుపు బాదాడు.

"తియ్యండి! చచ్చిపోతాం!"

"దేనికండీ?" అంది ప్రమీలారాణి. "పుల్లకాయ మూడ్రోజుల్లో రంగు తిరిగి, వాసన రాలేదంటే పక్కన కార్బైడ్ ఉన్నట్టే. ఖాళీ గదని చెప్పి మీరు దొంగతనంగా కాయలు మగ్గేస్తున్నారు. ఆ గ్యాస్ ప్లైవుడ్ సందుల్లోంచి ఇటొచ్చింది. మామిడికి పేరుపడ్డ ఈ ఊళ్ళో కాయ పండితే ఎవరు పట్టించుకుంటారు?"

"మరి తెలిసీ మమ్మల్నెందుకు కూర్చోబెట్టారండీ!" అని అరిచాడు రాజీవ్.

"మధ్యాహ్నమే ఎస్సైగారు మీకు తెలియకుండా ఆ గది ఖాళీ చేయించారు. పాలిష్ ఎప్పుడో ఆరిపోయింది. గోడ వెనక సంగతి తెలియనివాళ్ళు కుదురుగా కూర్చున్నారు. ప్రాణభయం మీకొక్కరికే పట్టింది."

మా మేడమ్ బుర్రే బుర్ర అనుకున్నాడు సందీప్.

యలమంద మాత్రం ఎవరినీ అడగలేదు. ఉలి తీసి, తన చేత్తో బిగించిన ప్లైవుడ్‌ని తనే ఊడబెరికాడు. వెంటిలేటర్లోంచి గాలి రాగానే అక్కడే కూలబడ్డాడు.

"మూసింది నేనే కదమ్మా!"

"ఆ మాట ఆ పిల్లతోనే చెప్పుకుందువు గాని, పద," అంది ప్రమీలారాణి. "ఇందాకే కళ్ళు తెరిచిందట."