నీళ్ళు చెప్పని అక్షరాలు

చేతులకు శానిటైజర్ రాసుకుని జేబురుమాలుతో తుడుచుకున్న ఉమామహేష్‌కి, ఆ రుమాలు మీద తమ ఏజెంటు అల్మాస్ చేతిరాత కనిపించింది.

"ఇందులో సందేశం లేదు" అని మూడు రోజుల కిందట తానే రిపోర్టు రాసి సంతకం చేసిన రుమాలు అది! ఎలాగూ పనికిరానిదని జేబులో పెట్టుకున్నాడు.

నిఘా అధికారి అయిన అతను కమీషన్ ఏజెంటు వేషంలో నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఉన్నాడు. తడి తగిలినచోట రుమాలుకి అద్దిన పసుపు వెలిసిపోయింది. అక్షరాలు మాత్రం వెలవలేదు. పసుపు మీద, స్పిరిట్ కరిగించలేని మైనంతో రాసిన పసుపు రాత. శానిటైజర్ సీసా మొత్తం రుమాలు మీద వొంపేశాడు.

'గురువారం పదకొండు. సాలూర రోడ్డు చెరకు కాంటా. రాడార్ డ్రాయింగ్ చేతులు మారుతుంది. నామీద అనుమానం వచ్చింది. మనుషులను పంపండి.'

ఇవాళే గురువారం. టైము పది.

పసుపు కొమ్ములు ఏరుతున్న పెంటవ్వ తొంగిచూసింది. "గా మందుకు మంచిగనే పోయింది గద బిడ్డా! నీళ్లల్ల ఎంత గుంజినా పసుపు పోతదా? పసిపోరగానికి గూడ ఎర్కే."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

జీపు ఎక్కుతూనే హైదరాబాద్‌లోని చీఫ్ సుధారాణికి ఫోన్ చేశాడు.

"మేడమ్, కొమ్ముకి పురుగు పట్టింది."

మన ఏజెంటు ప్రాణం ప్రమాదంలో ఉందని ఆ కోడ్‌కి అర్థం.

"ఎవరు?"

"అల్మాస్. ఆమె ద్రోహి కాదు. స్పిరిట్ తగిలితే రుమాలు పసుపు పోయి సందేశం బయటపడింది."

"ద్రోహి అని రాసింది మీరే! ఖాళీ రుమాలు పంపి మోసం చేస్తోందని మీరంటే ఆమెకు పెట్టిన కాపలా తీసేశాను. మూడు ద్రావకాలతోనూ పరీక్షించారుగా? నీరు పోలార్. చక్కెరను కరిగిస్తుంది, పసుపును కరిగించలేదు. కిరసనాయిలు నాన్‌పోలార్. మైనాన్ని కరిగిస్తుంది, చక్కెర జోలికి పోదు. స్పిరిట్ రెండు పక్షాలకూ చుట్టం. పసుపు అందులో పోయి తీరాలి. మరి మీ పరీక్షలో ఎందుకు పోలేదు?"

"సిగ్నల్ సరిగా లేదు మేడమ్. సాలూర రోడ్డు చెరకు కాంటాకి బలగాన్ని పంపండి. నేను వెళ్తున్నాను."

సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

రోడ్డుకి రెండువైపులా చెరకు తోటలు. వీటిలో ఒకటి వాళ్ళ నాన్న వీరరాఘవయ్యది. కాలువ నీళ్ళు, చెరకు రసం, బెల్లం మధ్య పెరిగిన ఉమామహేష్‌కి నీళ్ళలో కరగని వస్తువు ఉంటుందని ఏనాడూ తోచలేదు. అల్మాస్ బోధన్‌లో అత్తరు దుకాణం వాళ్ళమ్మాయి. ఆమె నవ్వితే, రక్షణ రహస్యాలమ్మే ముఠా నాయకుడు విక్టర్ అంతటివాడు బేరం మరిచిపోతాడని డిపార్టుమెంటులో చెప్పుకునేవారు. వాడికీ నమ్మకస్థురాలే, మనకీ నమ్మకస్థురాలే. అందుకే ఉమామహేష్ ఆమెను నమ్మలేదు.

పదకొండుకి రెండు నిమిషాలు. కాంటా దగ్గర చెరకు ట్రాక్టర్లు బారులు తీరి డీజిల్ పొగ కక్కుతున్నాయి. బలగం ఇంకా రాలేదు. తలపాగా చుట్టి, డ్రైవర్‌లా నడుస్తూ కాంటా గది కిటికీలోంచి చూశాడు. చెరకు కోత యంత్రాలమ్మే వేషంలో విక్టర్. ఒక చేతిలో పిస్టల్, ఇంకో చేతిలో అరచేయంత చక్కెర రేకు. రాడార్ డ్రాయింగ్ దానిమీదే చెక్కి ఉంది. పోలీసులొస్తే నీళ్ళలో పడేసి కరిగించడానికి కాళ్ళదగ్గర బకెట్. పిస్టల్ గురి అల్మాస్ నుదుటికి.

ఉమామహేష్ తలుపు తన్నాడు.

విక్టర్ నవ్వి రేకును బకెట్‌లోకి జారవిడిచాడు. అదే క్షణంలో పిస్టల్ ఇటు తిరిగింది. అది పేలేలోగా అల్మాస్ వాడి చేతిమీద పడింది. ఉమామహేష్ గుండెకు రావలసిన గుండు ఆమె మోచేతిని చీల్చింది. రెండు దెబ్బలతో విక్టర్‌ను నేల కరిపించి, ఉమామహేష్ బకెట్ వైపు దూకాడు.

"ఏంటికి ఉరుకుతున్నవ్ భాయ్?" నెత్తురోడుతూనే నవ్వింది అల్మాస్. "గవి నీళ్లు గావు, కిరసనాయిలు. పొద్దుగాల్నే మార్చిన. గీ డీజిల్ వాసనల ఎవనికి ఎర్కైతది?"

బకెట్ అడుగున రేకు మీద ఒక్క గీతా చెరగలేదు.

"గది సరే, మనుషులేరి? రుమాల్ అందలేదా?"

"అందింది," అన్నాడు ఉమామహేష్. తలపాగా విప్పి ఆమె చేతికి కట్టు కట్టాడు.

సాయంత్రం నిజామాబాద్ గెస్ట్‌హౌస్‌లో సుధారాణి అతని ముందు ఒక కాగితం పెట్టింది.

"శభాష్ ఉమామహేష్. డ్రాయింగ్ దక్కింది, ముఠా దొరికింది. మిగిలింది ఒకటే పని. కిట్‌లో కల్తీ స్పిరిట్ పంపినందుకు ల్యాబ్ ఆత్మారాంని సస్పెండ్ చేస్తున్నాను. రిటైర్‌మెంట్‌కి ఆర్నెల్లుందట, పాపం. సాక్షిగా సంతకం పెట్టండి."

ఉమామహేష్ పెన్ను తీసుకోలేదు. సంచిలోంచి కిట్ తీసి, చిన్న సీసాను బల్లమీద పెట్టాడు.

"సీలు చూడండి మేడమ్, ఇంకా తెరవలేదు. కిరసనాయిలు సీసా కూడా అంతే. నేను ముంచింది నీళ్ళలో ఒక్కసారి. రిపోర్టులో మూడు ద్రావకాల గళ్ళలోనూ టిక్కు పెట్టింది నేనే. అల్మాస్ అబద్ధాలకోరని ముందే తీర్పు రాసుకున్నాను. నీళ్ళు ఔనన్నాయి. ఇంకో సాక్షిని అడిగితే కాదంటుందేమోనని అడగలేదు. ఆ మనిషి నాకు అడ్డుపడి గుండు దెబ్బ తింది. ఆత్మారాం పేరు కొట్టేసి నా పేరు రాయండి, సంతకం పెడతాను. ఈసారి పరీక్ష పూర్తిగా చేశాను మేడమ్."