అరంగుళం తేడా

పొద్దున్నే దర్జీ కొట్టు తలుపు తీయగానే సముద్రపు గాలి లోపలికొచ్చింది. కాజాలు కుడుతున్న కూతురి కళ్లు హ్యాంగరుకున్న నీలం చొక్కా మీద పడ్డాయి. కుడి చెయ్యి ఎడమదానికన్నా అరంగుళం పొడుగు. ముప్పై ఏళ్లుగా కుడుతున్న అమ్మ చేతిలో ఇలాంటి తప్పా? పాపం, వయసు మీద పడుతోందనుకుని, గుట్టుచప్పుడు కాకుండా ఆ అరంగుళం లోపలికి మడిచి కుట్టేసింది.

టీ గ్లాసులతో వచ్చిన అమ్మ చొక్కా చూసి ఆగిపోయింది.

"ఏం చేశావే?"

"నీ తప్పు దిద్దాను."

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట. పడవ ఇంజన్ల తాళ్లు లాగీ లాగీ ఆయన కుడి భుజం దిట్టమైంది. చేతులు సమానంగా కుడితే కుడిది మణికట్టు పైకి ఎగబాకుతుంది."

ఆయనంటే రేవులోని మెకానిక్. భార్య పోయి ఆరేళ్లయింది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన కుట్టుమిషన్ బాగుచేసింది ఆయనే. కూతురు కొలతల పుస్తకం తిరగేసింది.

"ఆయన కొలతలు ఇందులో లేవే?"

"టేపు పెట్టలేదు. చూసి కుట్టాను."

కూతురు పుస్తకం మూసింది. అరంగుళం తేడా కంటితో తెలియాలంటే మనిషిని ఎంత చూసి ఉండాలో దర్జీ కూతురికి చెప్పక్కర్లేదు.

"పెళ్లి చేసుకుందామన్నారు. సాయంత్రం ఈ చొక్కా ఇచ్చి సరేనంటాను," అంది అమ్మ.

"నాన్న ఇంకొకామెతో వెళ్లిపోయినప్పుడు ఏడాది మంచం దిగలేదు నువ్వు. పదమూడేళ్ల నేను నీకు తల దువ్వి, తినిపించాను. మళ్లీ అలా అయితే?"

"గుర్తుంది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. నువ్వు ఆడుకోవాల్సిన వయసు నా మంచం పక్కన గడిచిపోయింది." అమ్మ టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. "ఆయన మంచివాడే. కానీ ఆయన్ని నమ్మి సరేననడం లేదు, నన్ను నమ్మి అంటున్నాను. ఏం జరిగినా మళ్లీ ఆ మంచమెక్కను. నేను లేచి చాలా ఏళ్లయిందే."

అమ్మ ఎప్పుడో లేచింది. తానే ఇంకా ఆ మంచం పక్కన కూర్చుని ఉన్నానని కూతురికి అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకుని, బ్లేడు తీసుకుని తాను వేసిన కుట్టు ఒక్కొక్కటే విప్పింది.

"సాయంత్రం ఆయనకు టేపు నేనే పెడతాను. పుస్తకం మొదటి పేజీలో మనిద్దరి కొలతల కింద ఆయనవి రాయడానికి చోటుంది," అంది.