సగం చెప్పిన సైగ

"అది రేడియస్ కాదండీ. అల్నా."

నిచ్చెన మీదున్న అమ్మాయి తల కూడా తిప్పలేదు. "మీకెలా తెలుసు? దానికి పేరు పెట్టింది మీరేనా?"

కిందనుంచి చూస్తున్న ట్యూటరుకి ఒళ్లు మండింది. మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పేవాడతను. పిల్లలు వెనకాల 'ఎముకల సార్' అని పిలుచుకుంటారు. అలాంటివాణ్ణి పట్టుకుని ఎముకల పేర్లు నీకెలా తెలుసంటుందా!

"నేను పెట్టలేదు గానీ, రోజూ పిల్లలతో వల్లె వేయిస్తాను. బొటనవేలి వైపుండేది రేడియస్. చిటికెనవేలి వైపుండేది అల్నా. మీరు రెండిటికీ పేర్లు తారుమారు చేశారు."

"కవలపిల్లల్లా పక్కపక్కన పడుకోబెడితే ఎవరైనా పొరబడతారు."

డిసెక్షన్ హాలు బయట గోడ నిండా ఒక చెయ్యి. భుజం దగ్గర్నుంచి వేళ్ల కొసల దాకా తెల్లటి ఎముకలు, వాటిని పెనవేసుకున్న ఎర్రటి కండలు, మధ్యలోంచి పాకుతున్న రక్తనాళాలు. బొమ్మంతా పెయింటరు గీశాడు. అక్షరాలు రాసేది ఆయన కూతురు. పుట్టుకతోనే వినపడని ఆయనకి ఊళ్లోవాళ్ల మాటలన్నీ చేరేది ఆ అమ్మాయి చేతుల ద్వారానే. ఇంట్లో ఉండేదీ వాళ్లిద్దరే.

"బొమ్మ మాత్రం అద్భుతం," అన్నాడు ట్యూటరు, కాస్త తగ్గి. "మార్చాల్సింది ఆ రెండు పేర్లే. ప్రిన్సిపాల్ గారు ఇప్పుడే చూడ్డానికి వస్తున్నారు. త్వరగా కానివ్వండి."

"తొందరపెట్టకండి. తొందరపడితే ఈసారి కాలి ఎముక పేరు రాసేస్తాను."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని పెదవి బిగపట్టాడు.

ఆమె తండ్రి వైపు తిరిగి చేతులతో ఏదో చెప్పింది. తెల్లరంగు కావాలని. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పెయింటరు తలూపి, చేతులు తీసేసి, వరండా చివరనున్న డబ్బాల వైపు నడిచాడు. ఈలోగా ఆమె చిటికెనవేలి వైపున్న పేరు తుడుద్దామని పక్కకి వంగింది. బయట వానకి తడిసొచ్చిన కాళ్లతో వరండా అంతా చిత్తడిగా ఉంది. నిచ్చెన కాలు జారింది.

"నాన్నా!"

ఆ కేకకి హాల్లో ఉన్నవాళ్లంతా బయటికి పరిగెత్తుకొచ్చారు. పిలిచిన మనిషి మాత్రం వెనక్కి తిరగలేదు. నిచ్చెన పడ్డ అదురు పాదాలకి తగిలాక తిరిగాడు. అప్పటికి కూతురు నేలమీద ఉంది. కుడి దండచెయ్యి ఇనప స్టూలు అంచుకి కొట్టుకుని, ఉండకూడని చోట వంగి ఉంది.

ట్యూటరు ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కదలకండి. దండచేతి ఎముక విరిగింది." మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నాడి చూశాడు. కొట్టుకుంటోంది. రక్తనాళానికి ఏమీ కాలేదు. రంగు కలిపే చెక్కపుల్లలు రెండు అటూ ఇటూ పెట్టి, ఆమె స్కార్ఫుతోనే కట్టు కట్టాడు.

"మీరు... నిజం డాక్టరేనా?" అంది పళ్ల బిగువున.

"నిజం డాక్టర్నే."

"బతికున్నవాళ్లకి... ఎప్పుడైనా కట్టారా?"

అతను ముడి సరిచూసి, ఆంబులెన్స్ పిలవమని వెనకున్నవాళ్లకి చెప్పాడు.

*

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఆమె ముంజేతిని పైకి పట్టుకుని, "మణికట్టు ఎత్తమ్మా," అన్నాడు.

ఆమె ఎత్తబోయింది. చెయ్యి వాడిన పువ్వులా కిందికి వాలిపోయింది. వేళ్లు కూడా చాచుకోలేదు.

డాక్టరు నిట్టూర్చాడు. "రేడియల్ నరం. దండచేతి ఎముకని వెనకనుంచి చుట్టుకుని వస్తుంది. ఎముక విరిగితే దీనికి దెబ్బ. పడినప్పుడే నలిగి ఉండొచ్చు, లేదా తర్వాత కదిలించినప్పుడు నలిగి ఉండొచ్చు. చాలామందికి కదలిక దానంతటదే వస్తుంది. నెలలు పడుతుంది. రాకపోతే ఆపరేషన్."

పెయింటరు కూతురి మొహంలోకి చూశాడు. ఏమంటున్నాడని. ఆమె ఒక్క ఎడంచేత్తోనే, ఆగి ఆగి, ఏదో చెప్పింది.

ఆయన ట్యూటరు వైపు తిరిగాడు. అతని రెండు చేతుల్నీ ఒకదాని తర్వాత ఒకటి వేలెత్తి చూపించాడు. అంతే. మొహం తిప్పుకున్నాడు.

సైగలు రాకపోయినా ట్యూటరుకి ఆ మాట అర్థమైంది. ఈ చేతులే చేశాయని. కట్టు కట్టేముందు మణికట్టు ఎత్తమని ఆమెని అడగలేదు. నాడి చూశాడు, నరం చూడలేదు. మొదటి ఏడాది పిల్లలకి కూడా చెప్పే సంగతి. ఒక్క మాట అడిగి ఉంటే చెయ్యి అప్పటికే పడిపోయిందో, తన చేతుల్లో పడిపోయిందో తెలిసేది. ఇక ఎప్పటికీ తెలియదు.

*

తండ్రీకూతుళ్ల సైన్‌బోర్డుల కొట్టుకి అతను మొదటిసారి వెళ్లినప్పుడు పెయింటరు బ్రష్ కిందపెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

"మీ నాన్నగారికి క్షమాపణ చెప్పుకోవాలి," అన్నాడు ట్యూటరు.

"నోటితో చెప్తే లాభం లేదు. సైగలు రావాలి."

"అయితే మీరే నేర్పండి."

"బదులుగా మీరేం నేర్పుతారు?"

"చేతిలో ఉన్న ఎముకలన్నీ."

"వద్దు బాబూ. ఉన్నవాటితోనే వేగలేకపోతున్నాను."

అయినా నేర్పింది. ఎడంచేత్తోనే. రోజూ కాలేజీ అయ్యాక అతను వచ్చేవాడు. బల్లకి ఆ పక్కన ఆమె, ఈ పక్కన అతను కూర్చునేవాళ్లు. వారం తిరక్కుండానే అతను ధైర్యం చేసి పెయింటరు ఎదురుగా నిలబడి 'క్షమించండి' అని సైగ చేశాడు. ఆయన ఒక క్షణం చూశాడు. పెరట్లోకి వెళ్లి ఒక సబ్బుబిళ్ల తెచ్చి, బల్లమీద టప్పున పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె నవ్వు ఆపుకోలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీరు సబ్బు అడిగారు!"

"మరి మీరు నేర్పింది అదేగా?"

"వేళ్లు ముడిచి నేర్పాను. మీరు చాచి చేశారు. పేర్లు తారుమారు చేసేది నేనొక్కదాన్నే కాదన్నమాట."

ఫిజియోథెరపిస్టు చూపించినట్టు ట్యూటరు కీళ్లు బిగుసుకుపోకుండా రోజూ ఆమె మణికట్టుని, వేళ్లని మెల్లగా వెనక్కి వంచేవాడు. వంచుతూ, తన వేలితో నరం దారి చూపించేవాడు. "ఇదిగో, ఇలా ఎముక వెనకనుంచి తిరిగి, మోచేతి పక్కనుంచి ముందుకొస్తుంది. ముందు ఇక్కడున్న కండ మేలుకుంటుంది. తర్వాత మణికట్టు. ఆఖర్న వేళ్లు."

"చెయ్యి పట్టుకోవడానికి ఇంత సైన్సు కావాలాండీ?"

అతను చటుక్కున చెయ్యి వదిలేశాడు. చెవులు కందిపోయాయి. ఆమె కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించింది. ఆ రోజు వాన లేదు.

కానీ నెలలు గడుస్తున్నా చెయ్యి కదల్లేదు. నవ్వులు తగ్గాయి. వచ్చేసారికి ఏ కదలికా లేకపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పేశాడు. కూతురి చెయ్యి పూర్తిగా మాట్లాడలేకపోవడంతో తండ్రీకూతుళ్ల మధ్య మాటలు కూడా కుంటుతున్నాయి. రెండు చేతులతో చెప్పాల్సిన మాటని ఒక చేత్తో చెబుతుంటే ఆయన మొహం తిప్పేసుకుంటున్నాడు.

*

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన ముందురోజు సాయంత్రం ఆమె మందులు తేవడానికి వెళ్లింది. కొట్లో ఇద్దరే. పెయింటరు బ్రష్ కడుక్కుని వచ్చి, మొట్టమొదటిసారి అతనితో సైగల్లో మాట్లాడాడు. అతనికి అర్థమయ్యేలా, నెమ్మదిగా.

'రోజూ ఎందుకొస్తావు?'

'తప్పు నాది,' అన్నాడు ట్యూటరు తడుముకుంటూ.

'అవును. నువ్వు కదిలించావు. నరం నలిగింది. డాక్టరు అన్నాడు. అమ్మాయి చెప్పింది.'

'ఇంకేం అన్నాడు?'

'అంతే.'

ట్యూటరు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. డాక్టరు మాట చెవిలో మోగింది. పడినప్పుడే నలిగి ఉండొచ్చు. ముందు అన్నది ఆ మాట. ఆమె దాన్ని మింగేసింది.

వీధి మలుపులో బస్ షెల్టరు కింద ఆమె ఎదురైంది. పైన రేకు మీద వాన దబదబా మోగుతోంది.

"ఆ రోజు డాక్టరు చెప్పింది మీ నాన్నకి సగమే చెప్పావా?"

ఆమె మొహం పాలిపోయింది. అతను మొదటిసారి నువ్వు అన్నాడని ఇద్దరూ గమనించలేదు.

"చెప్పు."

"సగమే చెప్పాను."

"ఎందుకు?"

"నేలమీద పడగానే నాన్న నా వైపు పరిగెత్తుకొస్తున్నారు. నాకేం కాలేదని చెబుదామని వేళ్లు చాచి మణికట్టు ఎత్తబోయాను. లేవలేదు. మీరింకా నన్ను ముట్టుకోలేదు అప్పటికి. నిచ్చెన వదిలింది నాన్న. నా చెయ్యి ఆయన వల్లే పడిపోయిందని తెలిస్తే తట్టుకోలేరు. డాక్టరు నోట రెండో మాట వచ్చింది. దాన్ని పట్టుకున్నాను. మీరు రేపటికల్లా మాయమైపోయే పరాయి మనిషి అనుకున్నాను. ఇలా రోజూ వస్తారని నాకేం తెలుసు?"

"వచ్చాక?"

"వచ్చాక చెప్పే ధైర్యం చాల్లేదు."

"క్లాసులో చేతి ఎముకల పాఠం వస్తే వేరే ట్యూటర్ని పంపిస్తున్నాను తెలుసా? ఎముక చేతిలోకి తీసుకుంటే నీ మణికట్టే కనబడుతుంది. ఇన్ని నెలలూ!"

"మా నాన్నకి చెప్పేస్తారా?"

"చెప్పను. ఆ నింద నా మీదే ఉండనీ. కానీ నాకైనా చెప్పాల్సింది." అతను గొడుగు తెరవకుండానే వెళ్లిపోయాడు.

*

మర్నాడు ఆసుపత్రి వరండాలో ఆమె కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. పేరు పిలిచే వేళకి అతను వచ్చాడు. దగ్గరికి రాలేదు. ఎదుటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రాత్రంతా కళ్లు మూసినట్టు లేడు.

పెయింటరు అతన్ని చూసి, కూతురితో విసురుగా అన్నాడు. 'మళ్లీ ఎందుకొచ్చాడు?'

ఆమె ఇక ఆగలేకపోయింది. పేరు పిలిచినా కదల్లేదు. ఎడంచెయ్యి ఎత్తి మొత్తం చెప్పింది. డాక్టరు అన్న రెండు మాటలూ. నేలమీద లేవని చెయ్యి. తను దాచిన సగం. చెయ్యి చాలని చోట కళ్లతో, పెదాలతో చెప్పింది. నర్సు రెండోసారి పిలిచి, వీళ్లని చూసి ఆగిపోయింది.

ఆయన కొయ్యబారిపోయాడు. ఆమె ఆయన మోకాలు పట్టుకుంది.

చివరికి ఆయన లేచాడు. నేరుగా ట్యూటరు దగ్గరికి నడిచాడు. అతను గోడకి ఇంకా కరుచుకుపోయాడు.

'నిచ్చెన వదిలింది ఈ చేతులు,' అన్నాడు పెయింటరు. రంగు మరకల చేతుల్ని తనే చూసుకుంటూ. 'ఆ సంగతి నాకు తెలియని రోజు లేదు. నీ మీద కోపంగా ఉన్నంతసేపు అది కాస్త తేలిగ్గా ఉండేది. అందుకే నిన్ను వదల్లేదు.'

ట్యూటరుకి కళ్లు చెమర్చాయి. తనకొచ్చిన కొద్ది మాటల్లో వెతుక్కుని అన్నాడు. 'తొందర పెట్టింది నేను. నేల తడి. ఎవరి తప్పూ కాదు.'

పెద్దాయన అతని భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు.

డాక్టరు మొదట మణికట్టు ఎత్తమన్నాడు. లేవలేదు. ఆమె పెదవి కొరుక్కుంది. "సరే. ఇప్పుడు బొటనవేలు పైకి పెట్టి, మోచెయ్యి వంచు. నేను అడ్డుకుంటాను. గట్టిగా." తర్వాత ట్యూటరుని చూసి, "ఏమయ్యా అనాటమీ, నువ్వే చూడు," అన్నాడు.

అతను మోచేతి పక్కన రెండు వేళ్లు ఆనించాడు. ఆమె బలమంతా పెట్టి లాగింది. మొదట మెత్తగానే ఉంది. మళ్లీ లాగింది. వేళ్ల కింద సన్నటి తాడు బిగిసినట్టు ఏదో లేచి, వణికి, తగ్గింది.

"సార్," అన్నాడు. "కండ మేలుకుంది."

డాక్టరు తనూ తడిమి చూసి నవ్వాడు. "నరం దారిలోనే ఉంది. ఆపరేషన్ మాట మర్చిపోండి. మణికట్టు కూడా లేస్తుంది, ఓపిక పట్టాలి."

ఆ మాట పెయింటరుకి చెప్పాలి. ఇద్దరూ ఒకేసారి చేతులెత్తారు. ఈసారి మొత్తం చెప్పారు.

*

బయటికొచ్చాక మెట్లమీద ఆమె ఆగింది.

"ఇక మీరు తప్పు చేయలేదని తేలిపోయింది. రోజూ రావాల్సిన పని లేదు."

"లేదు," అన్నాడతను.

"అంటే రారా?"

"తప్పు చేశానని వచ్చింది మొదటి వారమే. మిగతా రోజులన్నీ నిన్ను చూడ్డానికొచ్చాను. నిన్న కోపంలో కూడా వెనక్కి తిరిగి చూశాను, నువ్వు తడుస్తున్నావేమోనని."

"తడిసిపోయాను."

"గొడుగు ఇవ్వాల్సింది."

"తిట్టేవాళ్లు గొడుగులివ్వరు."

నాలుగు మెట్లు కిందికి దిగిన పెయింటరు వెనక్కి తిరిగి, ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. ఆమె తలొంచుకుంది. ట్యూటరు ఒక అడుగు కిందికి వేసి, ఎదురుగా నిలబడి చేతులెత్తాడు. 'మీ అమ్మాయంటే నాకు ఇష్టం,' అన్నాడు. తర్వాత మాట దగ్గర చేతులు ఆగిపోయాయి.

వెనక్కి తిరిగి ఆమెతో గుసగుసలాడాడు. "పెళ్లికి సైగేంటి?"

"ఇప్పుడా అడిగేది!"

"నువ్వింతవరకూ నేర్పలేదుగా!"

"నేర్పమని ఎప్పుడడిగారు?" ఆమె మొహం ఎర్రబడింది. "దానికి రెండు చేతులు కావాలి. ఒకదాన్ని ఇంకోటి పట్టుకోవాలి. నా రెండోది ఇంకా..."

ఆమె మాట పూర్తికాలేదు. అతను తన చెయ్యి చాపాడు. ఆమె తండ్రి వైపు ఒకసారి చూసి, ఎడంచేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆయనకి చూపించింది.

పెయింటరు ఆ రెండు చేతుల్నీ తేరిపార చూశాడు. మెట్లెక్కి పైకి వచ్చి, తన చేతుల్ని వాటి మీద మూసి, ఎంతకీ వదల్లేదు.