వేరే విండోలో సేవైన ప్యాట్రన్

"కటింగ్ గ్రూపులోంచి నా పేరు తీసేసినావు కదప్పా? నిజం చెప్పు!"

తలుపు తోసుకుని వచ్చి సువర్ణ నా టేబుల్ మీద చరిచింది. కోపంలో కూడా ఇంత బాగుంటే మనిషి పనెలా చేసుకోవాలి, మీరే చెప్పండి!

మాది రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్. అందరూ పనిచేసేది ఒకే సర్వర్‌లో. దాన్ని చూసుకునే ఓబుళేసుని నేనే. బట్ట కోయడానికి కొలతల బొమ్మలు, అంటే ప్యాట్రన్లు గీసే సువర్ణది డిజైన్ గ్రూపు. ఆమె గీసింది కటింగ్ వాళ్లకు తెరుచుకోవాలంటే, ముందు న్యూగ్రూప్ కమాండ్ కొట్టి కటింగ్ గ్రూపులోకి మారాలి. ఆ తర్వాతే సేవ్ చేయాలి.

ఈ రోజు ఫైలు తెరుచుకోలేదు. కటింగ్ మిషన్ ఆగిపోయింది. మధ్యాహ్నంలోపు బట్ట కోయకపోతే సువర్ణ రేపట్నుంచి రానక్కర్లేదని ఓనరు ముత్యాలప్ప అందరి ముందూ అనేశాడు.

"నేనేం తీయలేదు. నువ్వే మారడం మరిచిపోయింటావు."

"మారినా! నిన్న నీతో టీకి రాలేదని కక్ష తీర్చుకుంటాండావు."

కక్షా? నేనా? ఒళ్లు మండిపోయింది. "పద, చూద్దాం" అని ఆమె సీటు దగ్గరికి నడిచాను.

స్క్రీన్ మీద రెండు విండోలున్నాయి. ఒకదాంట్లో గ్రూపు మారింది, నిజమే. ప్యాట్రన్ గీసే సాఫ్ట్‌వేర్ మాత్రం రెండోదాంట్లోంచి తెరిచింది. ఏ విండోలో మారితే ఆ విండోకే లెక్క.

"ఈడ మారినావు, ఆడ సేవ్ చేసినావు."

సువర్ణ మొహం పాలిపోయింది. "అయ్యో... ఇప్పుడెట్లప్పా?"

"మారిన విండోలోంచే తెరువు. కొత్త పేరుతో సేవ్ చెయ్యి. పాత ఫైలు మీదే చేస్తే అది పాత గ్రూపులోనే ఉంటాది."

ఆమె సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరవబోయింది. కమాండ్ ఒకసారి తప్పు కొట్టింది. ఈలోగా ముత్యాలప్ప వచ్చి వెనకే నిలబడ్డాడు.

సేవ్ అయింది. కాసేపటికి పక్క షెడ్డులో మిషన్ గర్రుమంది.

"తప్పెవరిదప్పా?" అన్నాడు ముత్యాలప్ప.

"నాదే సార్. గ్రూపు నేనే సరిగ్గా పెట్టలేదు" అనేశాను.

సువర్ణ చటుక్కున లేచింది. "లేదు సార్, నాది. వేరే విండోలో సేవ్ చేసినా."

ఆయన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "ఇంకోసారి ఇట్లయితే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తా" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

సువర్ణ నా మీదకి తిరిగింది. "అబద్ధమెందుకు చెప్పినావు? నీ ఉద్యోగం పోయింటే?"

"నువ్వు లేకుంటే ఆ ఉద్యోగం నాకెందుకు?"

నోరు జారింది. పక్క సీటు చంద్రిక కుర్చీ మొత్తం ఇటు తిప్పేసింది. సువర్ణ మాత్రం నన్నే చూస్తోంది.

"ఆ మాట నాకు కాదు, మా నాయనకు చెప్పు" అంది. "ఆదివారం ఇంట్లోనే ఉంటాడు."