కోసారా మామ్మ గడప మీద నా పాదం

నేదా అనే అమ్మాయిని నేను మొదటిసారి చూసింది ఒక క్రిస్మస్ పొద్దున, వాళ్ళ బావ నన్ను మెడపట్టుకుని వాళ్ళింట్లోకి గెంటినప్పుడు. మెడపట్టి బయటికి గెంటడం లోకంలో ఉన్నదే. లోపలికి గెంటించుకున్న ఘనత మాత్రం నాది.

అప్పటికి నేను ఉజిత్సే అనే కొండ ఊరికి వచ్చి కొద్ది రోజులే అయింది. ఊరి రేడియోలో పొద్దున్నే వాతావరణం చదవడం నా ఉద్యోగం. ఏ రోడ్డు జారుతోంది, ఎక్కడ మంచు పేరుకుంది, మధ్యలో నాలుగు చలికాలం కబుర్లు. పొయ్యి మీద నారింజ తొక్క వేస్తే ఇల్లంతా ఎంత బాగుంటుందో చెప్పేవాణ్ణి. పండగ ముందురోజు మా నాన్న గదిలో గడ్డి పరిచి అక్రోట్లు విసిరితే, వాటికోసం నేనూ మా అక్కా జుట్టూ జుట్టూ పట్టుకున్న సంగతి చెప్పేవాణ్ణి. ఇలాంటి వాటికి జీతమిస్తారని ముందే తెలిసుంటే అంత చదువు చదివేవాణ్ణే కాదు.

ఆ పొద్దున నేను అద్దెకున్న ఇంటి ముందు మంచు తీద్దామంటే పార లేదు. అడుగుదామని ఎదురింటికి వెళ్ళాను. మెట్టు మీద ఒకాయన పళ్ళు టకటకలాడిస్తూ నిలబడి ఉన్నాడు. పేరు ల్యూబిషా, ఆ ఇంటి ఇల్లరికపు అల్లుడు. బేకరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చాడట. సొంతింటి ముందు ఈ కాపలా ఏమిటని అడిగాను.

"తొలి అతిథి ఇంకా రాలేదు. అతను అడుగుపెట్టాకే మేం లోపలికెళ్ళాలి. ఇంటి మనిషి తొలి అడుగు పెడితే ఏడాదంతా కలిసిరాదని మా మామ్మ" అన్నాడు.

ఆ ఆచారం మా అందరిళ్ళలోనూ ఉన్నదే. పండగ పొద్దున గడప దాటే మొదటి మనిషి బయటివాడై ఉండాలి, అతని పాదాన్ని బట్టే ఆ ఏడాది. కానీ అల్లుణ్ణి మంచులో నిలబెట్టేదాకా ఎవరూ పోరు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు బయటివాడివేగా?"

"ఎదురింట్లో అద్దెకుంటున్నాను."

"చాలు. కుడికాలు ముందు పెట్టు" అని తలుపు తీసి ఒక్క తోపు తోశాడు.

తూలి పడబోయి నిలదొక్కుకున్నాను. ఏ కాలు ముందు పెట్టానో ఒట్టు, నాకే తెలియదు. కోసారా మామ్మ మాత్రం నా కోసమే కాచుకున్నట్టు చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళి, ఓక్ కొమ్మ చేతికిచ్చింది. తొలి అతిథి చెయ్యాల్సిన ఆచారం ప్రకారం నేను నిప్పులు కదిపి, ఎన్ని రవ్వలో అన్ని కోడిపిల్లలు, ఎన్ని రవ్వలో అంత ఆరోగ్యం అని దీవించాను. రవ్వలు బ్రహ్మాండంగా లేచాయి. అందులో ఒకటి తిన్నగా వెళ్ళి, పక్కన నిలబడ్డ అమ్మాయి కొత్త శాలువాకి చిల్లు పెట్టింది.

"ఎడంకాలు పెట్టినప్పుడే అనుకున్నాను" అంది ఆ అమ్మాయి.

"కుడికాలేనండీ" అన్నాను, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

"నేను చూశాను."

ఆమె నేదా, మామ్మ చిన్న మనవరాలు. కోపంలో ఒక కనుబొమ్మ మాత్రమే పైకి లేచేది, రెండోది ఏమీ ఎరగనట్టు కూర్చునేది. నన్ను మూడుకాళ్ళ పీట మీద కూర్చోబెట్టి, మీద ఉన్ని దుప్పటి కప్పారు. ఆ దుప్పటి సందులోంచి నేను చూసిందల్లా ఆ కనుబొమ్మనే.

వెళ్ళేటప్పుడు మామ్మ నా చేతిలో ఉన్ని మేజోళ్ళు పెట్టింది. "ఏడాది మంచిగా గడిస్తే మళ్ళీ నిన్నే పిలుస్తాం, నాయనా. గడవకపోతే నీ దారి నీది, మా దారి మాది" అంది.

వీధి దాటేలోపే నాకు అర్థమైపోయింది. ఆ ఇంటికి మళ్ళీ పిలుపు రాకపోతే నేను బతకలేను.

అప్పట్నుంచి ఆ ఇంటి మంచీ చెడ్డా అంతా నా పాదం మీద పడ్డాయి. నేదా మందుల షాపులో పనిచేసేది. ఆ చలికాలం నాకు రాని దగ్గు లేదు. వెళ్ళినప్పుడల్లా దగ్గు సిరప్‌తో పాటు ఇంటి సమాచారం కూడా ఇచ్చేది. నల్ల కోడి గుడ్లు మానేసిందట. మామ్మకి మోకాలు సలుపుతోందట. వాళ్ళ నాన్న కారు కొండ మధ్యలో మొరాయించిందట.

"అదంతా ఎడంకాలి మహిమ" అనేది, చిల్లర లెక్కపెడుతూ.

నేను ఊరుకునేవాణ్ణా? కోడికి మొక్కజొన్న మోశాను. మామ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కారుని కొండ మీదికి తోశాను కూడా, నేదా లోపల కూర్చుని స్టీరింగ్ తిప్పుతుంటే. అద్దంలోంచి చూసి ఆమె నవ్వడం నాకు కనబడింది. దాంతో ఇంకో కొండైనా తోసేవాణ్ణి.

ఏప్రిల్‌లో కొంప మునిగింది. రేడియోలో నేను చలి పోయింది, హాయిగా ఉండండని చెప్పిన మర్నాడే మంచు పడి, వాళ్ళ ప్లమ్ చెట్ల పూత సగం నల్లబడింది. ఆ ఇంట్లో ప్లమ్ కాపు పోతే ఏడాది పోయినట్టే. ఇప్పుడు పాదానికి తోడు నోరు కూడా మంచిది కాదని తేలిపోయింది. మళ్ళీ మంచు పడేలా ఉందని ఆఫీసులో తెలియగానే, తెల్లారకముందే తడిగడ్డి పట్టుకెళ్ళి పూతకి చలి తగలకుండా ల్యూబిషాతో కలిసి తోటంతా పొగపెట్టాను. మిగిలిన సగం నిలిచింది. మసి మొహంతో వణుకుతున్న నాకు నేదా టీ తెచ్చి ఇచ్చింది.

"మొహం తుడుచుకో" అంది. అప్పటిదాకా మీరు అనే మనిషి.

నాకు తుడుచుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత దగ్గు లేకుండానే కలిసేవాళ్ళం. ఎండాకాలం వెళ్ళింది, ప్లమ్ పళ్ళు కోశాం, మళ్ళీ చలికాలం వచ్చింది. సందు చివర వేడి వేడి చెస్ట్‌నట్ గింజలు కొనుక్కుని, ఆ పొట్లంతోనే చేతులు కాచుకుంటూ నడిచేవాళ్ళం. ఊళ్ళో ఉన్న కబుర్లన్నీ చెప్పేవాణ్ణి, చెప్పాల్సిన మాట ఒక్కటి తప్ప. పండగ పొద్దున, పొయ్యి ముందు, వాళ్ళందరి ఎదుటా అడుగుదామని దాచుకున్నాను.

పండగ దగ్గర పడింది. నాకు పిలుపు లేదు. ఒకరోజు బేకరీలో ల్యూబిషా, రొట్టె చేతిలో పెడుతూ నావైపు చూడకుండా అసలు సంగతి చెప్పాడు. మామ్మ ఈసారి కొండ దిగువ మిలూన్ తాతని పిలిచిందట.

రొట్టె అక్కడే మర్చిపోయి వచ్చేశాను. ఏడాదంతా కోడికీ మోకాలికీ చాకిరీ చేసినవాణ్ణి. ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు వాతావరణం చదివాక నోరు ఆగలేదు. ఒక ఇంటి కోళ్ళ క్షేమం ఏడాది పొడవునా కనుక్కున్నవాడికి కూడా పండక్కి పిలుపు రాదని, ఈ ఊళ్ళో బయటి చలి కన్నా మనుషుల చలి ఎక్కువని, రేపు కూడా ఇదే చలి అని చెప్పి ముగించాను.

బయటికి వచ్చేసరికి రేడియో ఆఫీసు మెట్ల మీద నేదా. షాపు తెల్లకోటు మీదే శాలువా కప్పుకుని పరుగెత్తుకొచ్చింది. అదే శాలువా. చిల్లు ఉన్నచోట చిన్న ఎర్ర పువ్వు కుట్టి ఉంది.

"మా ఇంటి సంగతి ఊరంతా చాటావు."

"పేరు చెప్పలేదుగా."

"మా కోళ్ళ క్షేమం అడిగే మగాడు ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడు?" అని, కాస్త ఊపిరి తీసుకుని అంది, "నిన్ను పిలవొద్దని మామ్మకి చెప్పింది నేనే."

"పూత సంగతేనా? సగం కాపాడాను కదా."

"పూతా లేదు, కాయా లేదు. తొలి అడుగు ఎవరు పెట్టకూడదు?"

"ఇంటి మనిషి."

"మరి?"

"మరేంటి?" అన్నాను.

ఆమె కనుబొమ్మ లేచింది. "మంచు పడ్డాక మంచు పడుతుందని చెప్పేవాడివి, నీకింతకన్నా ఎలా తెలుస్తుందిలే. ఏడాది మంచిగా గడిచింది, ఆ అబ్బాయినే పిలుద్దాం అంది మామ్మ. ఈసారి పిలిస్తే పై ఏడూ పిలవాలి, ఆ పై ఏడూ పిలవాలి. అలా జన్మంతా మా ఇంటికి బయటివాడివిగానే ఉండిపోతావు. అందుకే వద్దన్నాను. నువ్వు నన్నింకా ఏమీ అడగలేదు, అది వేరే సంగతి."

మంచు కురుస్తోంది. ఆ రోజు మంచు ఉండదని నేనే చదివాను.

"ఎడంకాలు పెట్టినవాణ్ణి చేసుకుంటావా?" అన్నాను.

"కుడికాలే పెట్టావు" అంది నేదా. "నేను చూశాను."

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. వాళ్ళ నాన్న, కారు సంగతి ఎత్తకుండా, నా గ్లాసు నింపాడు. కోసారా మామ్మ నా తల మీద చెయ్యి వేసి, చల్లగా ఉండమంది. పండగ రోజు మాత్రం మిలూన్ తాత వచ్చాకే రావాలని, తొందరపడి ఇంటి అదృష్టం పాడుచెయ్యొద్దని గట్టిగా చెప్పింది.

నేను తొందరపడ్డాను. పండగ పొద్దున తెల్లారీ తెల్లారకముందే వెళ్తే, మెట్టు మీద ల్యూబిషా అప్పటికే ఉన్నాడు, పళ్ళు టకటకలాడిస్తూ.

"రావయ్యా తోడల్లుడూ" అని పక్కకి జరిగి చోటిచ్చాడు.

కిటికీ కొద్దిగా తెరుచుకుంది. నేదా రెండు జతల మేజోళ్ళు మా మీదికి విసిరి, లోపల్నుంచి మామ్మ అరిచేలోపే మూసేసింది. నావి ఎర్రవి, తనే అల్లినవి.

కొండ దిగువన మిలూన్ తాత కర్ర పట్టుకుని ఎక్కుతున్నాడు. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు, పలకరించిన ప్రతి ఇంటి ముందూ నిలబడి కబుర్లు చెబుతున్నాడు. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా ఆయన్ని తొందరపెట్టమని ల్యూబిషా అంటే నేనే వద్దన్నాను. ఆయన వచ్చి గడప దాటేదాకా, ఆ ఇంటి మనుషులం ఇద్దరం మెట్టు మీదే నిలబడ్డాం.